ఇరవై జైర్లకి ఒక పేరు

సంగీతం గురించి నన్నడక్కండి,
నేను దర్జీని.
కిన్షాసాలో, బందల్ పేటలో, మూడు మిషన్ల కొట్టు నాది.
గాయకుడు ఎకోఫో ప్యాంట్లు
పదకొండేళ్ళు నేనే కుట్టాను.
అతను పాడుతుంటే జనం గొంతు వినేవాళ్ళు,
నేను మోకాళ్ళు చూసేవాణ్ణి.

పాట నడుమ ఒకచోట మాటలాగిపోతాయి.
మూడు గిటార్లూ ఒకదాని మీదొకటి పడి పరుగందుకుంటాయి.
సెబెన్ అంటాం దాన్ని మేము.
అప్పటిదాకా బుద్ధిగా కూర్చున్న పెద్దమనుషులు
బీరు సీసా కుర్చీ కింద దాచి లేచేది అప్పుడే.
ఎకోఫో నడుం తిప్పుతూ తిప్పుతూ
నేలదాకా దిగేదీ అప్పుడే.
దిగాడా, నా ప్రాణం సూదిమొనకొచ్చేది.
దేవుడా, ఆ మధ్య కుట్టు నిలబెట్టు!

ఒకసారి నిలబడలేదు.
మతోంగేలో, వాన వెలిసిన శనివారం.
పర్రుమన్న చప్పుడు మైకులో కూడా వినబడిందని
ఇప్పటికీ ఒట్టేస్తాడు మా మేనల్లుడు లుజోలో.
అబద్ధం.
డ్రమ్ములవాడు సరిగ్గా దాని మీదే దెబ్బ వేసి
తాళంలో కలిపేసుకున్నాడు.
ఎకోఫో మిగతా పాటంతా
గోడకి వీపానించి పాడాడు.
మర్నాడు ప్యాంటు నా బల్ల మీద పెట్టి,
నా టీ తాగేసి,
ఒక్కమాటా అనకుండా వెళ్ళాడు.

ఏ పాట ఏ ఏడాదిదో చెప్పలేను.
ఆ రాత్రి అతను గోధుమరంగు టెర్లిన్ వేశాడా, నీలం ఉన్నిదా
అడగండి, చెప్తాను.
డీజిల్ పొగ, వేపుడు చేపల పొగ
ఒకే చొక్కాకి పట్టడం గుర్తుంది.
ట్రంపెట్ ముసలాయనకి ముందుపళ్ళు రెండు లేవు.
ఊదీ ఊదీ పోయాయని ఆయన,
కాదు నేను కొట్టానని ఆయన పెళ్ళాం.

డబ్బిస్తే పాటలో పేరు పిలుస్తారు మా ఊళ్ళో.
మంత్రుల పేర్లు, వజ్రాల బేరగాళ్ళ పేర్లు.
నేనూ ఇరవై జైర్లు కూడబెట్టి
చీటీ మీద పెద్దక్షరాలతో రాశాను: న్జూజి.

మా వాళ్ళలో కవలలకి పేర్లు వెతుక్కోనక్కర్లేదు.
ముందు పుట్టింది న్సింబా,
వెనక పుట్టింది న్జూజి.
నా భార్య న్జూజి.
న్సింబా తొమ్మిది రోజులు బతికింది.

చీటీ చెమటకి తడిసిందో,
అతనికి అప్పటికే చూపు ఆనట్లేదో,
రెండు వందల కుర్చీల మీదుగా పిలిచాడు:
"దర్జీగారి న్సింబా!"

ఆమె వైపు చూడ్డానికి నాకు ధైర్యం చాల్లేదు.
కుర్చీ జరిగిన చప్పుడు మాత్రం విన్నాను.
చెప్పులు విడిచి వెళ్ళి
ఎడమ పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి
ఆడింది న్జూజి.
ఆ చోట్లోకి ఎవడైనా వస్తే
మోచేత్తో తోసేసింది.
సెబెన్ అయిపోయేదాకా.

ఇంటికి నడుస్తూ అంది:
"ఇరవై జైర్లకి ఇద్దరం ఆడాం. చవకే."

పోయినేడు, వానల్లేని నెలల్లో, ఆమె పోయింది.
వీధికడ్డంగా టార్పాలిన్ కట్టి
తెల్లార్లూ జాగారం.
మనవడి భుజం పట్టుకుని వచ్చాడు ఎకోఫో.
డబ్బులు వద్దన్నాడు.
వేసుకున్న ప్యాంటు నేను కుట్టింది కాదు.
కూర్చునే పాడాడు.
గిటార్లు పరుగందుకున్నప్పుడు
మోకాలి మీద రెండు వేళ్ళు మాత్రం లేచి ఆడాయి.
చీటీ అడగలేదు, ఎవర్నీ అడగలేదు,
పిలిచాడు: "న్జూజి!"
ఒక్క అక్షరం తప్పు లేదు.

జనం ఏడ్చారు.
నేను రెండో పేరు కోసం చూస్తూ కూర్చున్నాను.

అంతా అయ్యాక చూస్తే
అతని ప్యాంటు అంచు ఊడి నేల మీద ఈడుస్తోంది.
కాలరు మడతలోంచి సూది తీసి
అతని పాదాల దగ్గర కూర్చుని కుట్టాను.
దారం పంటితో తెంపుతూ అన్నాను,
"ఆ ఇంకో పేరు కూడా పిలవాల్సింది."

జనరేటరింకా ఆపలేదు.
"ఏంటీ?" అన్నాడు చెవి వంచి.
"పొడుగు సరిపోయిందా అని" అన్నాను.